ముంపు తగ్గాక మొదలయ్యే తేడా

విపత్తు తర్వాత జరిగే పనులు ప్రధానంగా మూడు: చిక్కుకున్నవాళ్లను బయటికి తేవటం, నష్టానికి ఇంత అని లెక్కగట్టి డబ్బు ఇవ్వటం, బురదనూ శవాలనూ చెత్తనూ ఎత్తి ఊరిని మళ్లీ నడిచే స్థితికి తేవటం. ఈ మూడింటిలోనూ ఎవరికి ఎంత అందిందో, ఎవరి మీద ఎంత బరువు పడిందో లెక్క తీస్తే, చాలా దేశాల్లో ఆ లెక్క పుట్టుకను బట్టి మారుతోంది. అమెరికాలో ఈ తేడా నలుపు, తెలుపుగా కనపడుతుంది. భారతదేశంలో కులంగా, ఆదివాసీ తెగగా కనపడుతుంది. ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లో ఇచ్చిన 29వ సాధారణ సిఫార్సులో కుల వివక్షను కూడా తన పరిధిలోకే తీసుకుంది. అంతకు ముందు ఏడాది డర్బన్ సదస్సులోనే భారత ప్రభుత్వం ఈ వాదనను వ్యతిరేకించింది, ఇప్పటికీ కులం వేరు, జాతి వేరు అనే అంటోంది. చట్టపరంగా ఆ చర్చ ఎటు తేలినా, వరదలో మునిగిన వీధిలో జరిగేదాన్ని అది పెద్దగా మార్చదు.

అలాంటి వీధులు చాలా ఉన్న చోటు అంబత్తూరు. చెన్నైకి వాయవ్యంగా, ఆవడి వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చెరువుల కింద పంటలు పండిన పల్లె. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సైకిళ్ల కర్మాగారం, ఆ తర్వాత టైర్ల కర్మాగారం వచ్చాయి. 1964లో పారిశ్రామికవాడ మొదలై, వందల ఎకరాల్లో చిన్న చిన్న లేత్ షెడ్లు, విడిభాగాల యూనిట్లు వెలిశాయి. 2011లో మున్సిపాలిటీ పోయి గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌లో ఏడో మండలంగా కలిసింది. ఊరు మారినా నీరు పోయే దారి మారలేదు. అంబత్తూరు చెరువు నిండితే కలుజు దాటిన నీరు కొరట్టూరు చెరువు వైపు పోవాలి. దక్షిణాన కూవం ఉంది. ఆ మధ్యలో ఉన్న కాలువలు పూడిపోయి, పల్లంలో షెడ్లూ ఇళ్లూ లేచాక, పెద్ద వాన పడితే నీరు తన పాత దారిలోకే వస్తోంది. 2015లో అదే జరిగింది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడూ పారిశ్రామికవాడ మళ్లీ మునిగింది, మోటార్లు, యంత్రాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి.

అలా మునిగిన షెడ్డు యజమాని నష్టానికి కాగితాలుంటాయి. బీమా పాలసీ, బ్యాంకు రుణం, పన్ను రశీదు, విన్నపం తీసుకెళ్లటానికి పరిశ్రమల సంఘం ఉన్నాయి. నష్టం పెద్దదే, పరిహారం చాలలేదన్న వాళ్ల గోడూ నిజమే. కానీ అదే షెడ్డులో పనిచేసి, ఆ వెనక వీధిలో వరస గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే ఒడిశా, బీహార్ కుర్రాడికి ఆ కాగితాల్లో ఒక్కటీ లేదు. రేషన్ కార్డు సొంతూళ్లో తల్లి పేరు మీద ఉంటుంది. అద్దెకు రాతకోతలుండవు. చెన్నైకి పని కోసం వచ్చిన తెలుగువాళ్ల పరిస్థితీ ఇంతే. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు చాలామంది ఉన్నారని తెలిసేదాకా, అంతమంది ఆ మహానగరంలో పనిచేస్తున్నారన్న సంగతే బయటివాళ్లకు పట్టలేదు.

మిగ్‌జాం తర్వాత తమిళనాడు ప్రభుత్వం కుటుంబానికి 6,000 రూపాయల చొప్పున ప్రకటించి, రేషన్ దుకాణాల ద్వారా పంచింది. త్వరగా డబ్బు చేర్చటానికి అది మంచి మార్గమే. అయితే కార్డు ఉన్నవాడికే ముందు టోకెన్. కార్డు లేనివాళ్లు విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది, అలాంటి దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. సాయం కోసం చూస్తున్నవాళ్లలో ఎంతమంది ఆ రాష్ట్రపు కార్డు అనే గీతకు అవతల ఉన్నారో ఆ దరఖాస్తులే చూపించాయి.

కులం మాట ఎత్తకుండానే కులాన్ని బట్టి పంచే పద్ధతి ఇలాగే పనిచేస్తుంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఏ నష్టానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ఒక పట్టిక నిర్ణయిస్తుంది. 2015 నుంచి 2020 దాకా అమల్లో ఉన్న పట్టిక ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 95,100 రూపాయలు. గుడిసె కూలితే 4,100. పైగా ఇంటి పరిహారానికి ఒక షరతుంది: అది అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. ఏటి గట్టు మీద, చెరువు పోరంబోకులో, రైలు పట్టాల పక్కన వేసుకున్న ఇంటికి ఆ ధ్రువీకరణ ఎవరిస్తారు? అక్కడ ఉండేవాళ్లు ఎవరన్నది కూడా యాదృచ్ఛికం కాదు. ఊళ్లో మెరక నేల ఒక కులానికీ, పల్లం ఇంకో కులానికీ అని పంచింది కొన్ని వందల ఏళ్ల సామాజిక చరిత్ర. పట్నానికి వచ్చినా, ఆ పల్లం నుంచి బయలుదేరిన మనిషి చేతిలో డబ్బు ఉండదు, అద్దెకు ఇల్లడిగితే కులమడుగుతారు. చివరికి మళ్లీ నీటి పక్కకే చేరతాడు. పట్టిక రాసిన అధికారి మనసులో ఏ ద్వేషమూ ఉండక్కర్లేదు. ఆస్తిని బట్టి నష్టాన్ని కొలిచినంత కాలం, ఆస్తికి దూరంగా ఉంచబడ్డవాళ్ల నష్టం పట్టికలోకి ఎక్కదు.

2015 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఈ పట్టికను దాటి, గుడిసె పోయిన కుటుంబానికి 10,000 రూపాయలు, నీరు చొరబడ్డ ఇంటికి 5,000 రూపాయలు, వాటితోపాటు పది కిలోల బియ్యం, ఒక పంచె, ఒక చీర ప్రకటించింది. డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేసింది. అది ఉదారంగా చేసిన పనే. కానీ లెక్క రాయటానికి వచ్చినవాళ్లు ఏ వీధికి ముందు వెళ్లారు, ఏ వీధికి నీరు ఇంకిపోయాక వెళ్లారు అన్నచోట తేడా మళ్లీ దూరింది. కడలూరు ప్రాంతపు గ్రామాల్లో తిరిగిన దళిత హక్కుల సంఘాలు ఈ ఫిర్యాదునే ఎత్తిచూపాయి: ఊరికీ దళితవాడకూ మధ్య దూరం అరకిలోమీటరు కూడా లేకపోయినా, సాయం లారీ ఊరి మొదట్లోనే ఖాళీ అవుతుంది.

ఈ తేడా ఇంతకంటే బాహాటంగా బయటపడింది 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత. తమిళనాడులో దాదాపు 8,000 మంది చనిపోయారు. అందులో ఆరు వేలకు పైగా ఒక్క నాగపట్నం జిల్లాలోనే. ప్రాణనష్టంలో అత్యధిక భాగం మత్స్యకారులదే, వాళ్లూ వెనకబడిన కులంవాళ్లే. మత్స్యకార గ్రామాల్లో బలంగా ఉన్న ఊరి పంచాయతీలు లబ్ధిదారుల జాబితాలు తయారుచేసి, సాయం పంపిణీని క్రమంగా నడిపాయి. ఆ క్రమశిక్షణను చాలామంది మెచ్చుకున్నారు. కానీ ఆ జాబితాలో పేరుండాలంటే పంచాయతీ సభ్యుడై ఉండాలి. అదే తీరంలో చేపలు మోసే, ఉప్పు మడుల్లో, పొలాల్లో కూలి చేసే దళితులు ఆ సభ్యులు కారు. సముద్రపు నీరెక్కి ఉప్పుబారిన పొలంలో భూస్వామికి నష్టం రాశారు, ఆ పొలంలో కూలి పోయినవాడి నష్టానికి గడి లేదు. పడవ పోయినవాడికి పడవ వచ్చింది. చేతులతో రొయ్యలు పట్టే ఇరుల ఆదివాసీకి పోగొట్టుకోవటానికి పడవే లేదు. నెల్లూరు, పులికాట్ తీరంలో యానాదులను ఎరిగినవాళ్లకు ఈ ఇరులలు కొత్తగా అనిపించరు. కయ్యల్లో చేపలు, పొలాల్లో ఎలుకలు, ఎవరి కార్డులోనూ లేని బతుకు.

శిబిరాల్లో జరిగింది ఇంకా బాధాకరం. దళితులను కలిపి ఉంచటానికి కొన్నిచోట్ల మిగతావాళ్లు ఒప్పుకోలేదు. అంటు పడుతుందని మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి రానివ్వలేదన్న వార్తలు 2005 జనవరిలో అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. వాటిని నమోదు చేసిన సంస్థల్లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఒకటి. ఆ సంస్థ ఇంకో విషయం కూడా రాసింది. కుళ్లుతున్న శవాలను తాకటానికి ఎవరూ ముందుకు రాని రోజుల్లో, ఇతర మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించి వాళ్లతో ఎత్తించారు. వాళ్లు దళితులు. చాలామందికి చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కూడా సరిగా అందలేదు. సాయం పంచేటప్పుడు వెనక్కి నెట్టినవాళ్లను, శవం ఎత్తాల్సి వచ్చినప్పుడు మాత్రం ముందు పిలిచారు.

ఇక్కడి నుంచి కథ తెలుగువాళ్ల ఇంట్లోకే వస్తుంది. తమిళనాడులో పారిశుద్ధ్య పనిలో ఎక్కువగా ఉన్నది అరుంధతీయులు. పడమటి జిల్లాలైన కోయంబత్తూరు, ఈరోడ్, సేలంలో తరాలుగా స్థిరపడ్డ ఈ కులంవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చెన్నైలో ఆది ఆంధ్రులన్న పేరుతో ఉన్న కుటుంబాల పెద్దలు బ్రిటిష్ కాలంలో తెలుగు జిల్లాల నుంచి పాకీ పనికి, వీధులూడ్చే పనికి వచ్చినవాళ్లు. 2009లో తమిళనాడు ఎస్సీల 18 శాతం కోటాలో అరుంధతీయులకు 3 శాతం విడిగా కేటాయించినప్పుడు, ఆ జాబితాలో చేర్చిన ఏడు కులాల్లో ఆది ఆంధ్ర, మాదిగ, తోటి కూడా ఉన్నాయి. దళితుల్లోనూ వెనకబడిపోయారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. తమిళనాడులో వాళ్లను తెలుగువాళ్లంటారు, ఆంధ్రలో వాళ్ల గురించి అసలు ఎవరూ మాట్లాడరు. మద్రాసులో తెలుగువారి చరిత్ర రాసినప్పుడల్లా సినిమా స్టూడియోలు, అచ్చుయంత్రాలు, సభలు గుర్తొస్తాయి. ఆ నగరపు చెత్తబండి తోసిన తెలుగువాడు ఆ చరిత్రలో లేకపోవటం పెద్ద లోటు.

2015 డిసెంబరు 1న తాంబరంలో 24 గంటల్లో దాదాపు 490 మిల్లీమీటర్ల వాన కురిసి, చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీరు వదిలి, అడయారు పొంగి నగరం మునిగిన తర్వాత, వీధుల్లో మిగిలింది మామూలు చెత్త కాదు. నీళ్లు తాగి బరువెక్కిన పరుపులు, పాడైన ఫ్రిజ్జులు, బియ్యం మూటలు, చచ్చిన పశువులు, పగిలిన గాజు, వాటన్నిటి మీదా మురుగు కలిసిన బురద. కార్పొరేషన్ సిబ్బంది సరిపోక కోయంబత్తూరు, మదురై వంటి నగరాల నుంచి కార్మికులను బస్సుల్లో తెచ్చారు. కల్యాణ మండపాల్లో, సముదాయ భవనాల్లో నేల మీద పడుకోబెట్టారు. వాళ్లలో కొందరి ఇళ్లు కూడా ఆ వానల్లోనే కారిపోయి ఉంటాయి. నానిన పరుపును ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఎత్తగానే అందులోంచి కారే నీరు మోచేతుల మీదుగా ఒంటి మీదకు వస్తుంది. చాలామంది ఆ పనిని ఉత్త చేతులతో, హవాయి చెప్పులతో చేశారు. గాజు గుచ్చుకున్నా, ఒంటి మీద దద్దుర్లు లేచినా పని ఆగలేదు. పత్రికల్లో వాళ్ల ఫొటోలు వచ్చాయి, శభాషని మెచ్చుకున్నారు. పర్మనెంటు ఉద్యోగం అడిగితే మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వరద వచ్చినప్పుడు వీరులు, వరద పోయాక కాంట్రాక్టు కూలీలు.

2013లో వచ్చిన చట్టం మనుషుల చేత మలం ఎత్తించటాన్ని నిషేధించింది. మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారి ఆందోళన్. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో ఇదే పనిచేసిన కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. మామూలు రోజుల్లోనే అమలు అంతంతమాత్రంగా ఉన్న ఆ చట్టం, అత్యవసరమన్న పేరుతో వరద రోజుల్లో పూర్తిగా పక్కకు పోతుంది. మూసుకుపోయిన మురుగు మ్యాన్‌హోల్ ముందు యంత్రం వచ్చేదాకా ఆగుదామన్న ఓపిక ఆ వారంలో ఎవరికీ ఉండదు.

ఆ మూడు పనుల తర్వాత వచ్చే మెట్టు పునరావాసం. 2015 తర్వాత అడయారు, కూవం గట్ల మీది గుడిసెలనే వరదకు కారణంగా చూపి, వేల కుటుంబాలను నగరానికి దక్షిణాన ఉన్న పెరుంబాక్కం వంటి చోట్లకు తరలించారు. ఆ చివర సెమ్మంజేరి, కణ్ణగి నగర్ కాలనీలు అప్పటికే ఉన్నాయి. పెరుంబాక్కంలో ఎనిమిదేసి అంతస్తుల భవనాలు. పక్కా ఇల్లు దొరికిన మాట నిజం. ఇళ్లలో పాచిపనికి వెళ్లే ఆడవాళ్లకు పాత పని చోటు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరమైంది, చదువు మధ్యలో పిల్లల బడి మారింది. అన్నిటికంటే విడ్డూరమైన సంగతి, పెరుంబాక్కం, సెమ్మంజేరి పళ్లికరణై చిత్తడి నేల అంచున ఉన్నవే. వాన ఎక్కువైతే అక్కడా ముంపే. అదే గట్ల దగ్గర, అదే చెరువుల పల్లంలో కట్టిన కాలేజీలను, ఆసుపత్రులను, ఐటీ భవనాలను ఎవరూ కదిలించలేదు. ఆక్రమణ అందరిదీ అయినప్పుడు కూల్చివేత ఒక్కరికే ఎందుకన్న ప్రశ్నకు ఇప్పటిదాకా సరైన జవాబు రాలేదు.

అమెరికాలో కత్రినా తుపాను 2005 ఆగస్టు 29న న్యూ ఓర్లీన్స్‌ను ముంచినప్పుడు ఆ నగర జనాభాలో మూడింట రెండు వంతులు నల్లజాతివారు. కారు లేనివాళ్లు నగరంలోనే చిక్కుకుపోయారు. నడిచి వంతెన దాటబోయినవారిని అవతలి శివారు పోలీసులు తుపాకులతో వెనక్కి పంపారు. అయితే చెన్నైకి బాగా దగ్గరగా ఉండే ఉదాహరణ ఆ తర్వాత వచ్చిన రోడ్ హోమ్ అనే గృహసాయం పథకం. మరమ్మతు ఖర్చు, తుపానుకు ముందు ఇంటి ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని బట్టి సాయం లెక్కగట్టారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ల ధర ముందు నుంచీ తక్కువ, కాబట్టి ఒకే రకం ఇంటికి, ఒకే రకం నష్టానికి వాళ్లకు తక్కువ డబ్బు వచ్చింది. సూత్రంలో రంగు ప్రస్తావనే లేదు. బాధితులు కోర్టుకెక్కాక 2011లో 6.2 కోట్ల డాలర్లతో ఒప్పందం కుదిరింది. పేటను బట్టి ఇంటి ధర కట్టే ఆ సూత్రమూ, అనుమతి ఉన్న కట్టడమా కాదా అని అడిగే మన పట్టికా ఒకే బడిలో చదువుకున్నవి.

తెలుగు నేల మీద 2024 ఆగస్టు చివర బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, వాంబే కాలనీ, పాయకాపురం వంటి పల్లపు పేటలు మునిగాయి. అక్కడా బురద కడగటానికి అగ్నిమాపక యంత్రాలతోపాటు బయటి మున్సిపాలిటీల కార్మికులు వచ్చారు. పరిహారంలో మాత్రం ఒక మంచి మార్పు కనపడింది. నేల అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తు అయితే 10,000 రూపాయలు అని, ఇంటి విలువతో పనిలేకుండా నీరు ఎక్కడిదాకా వచ్చిందన్నదాన్ని కొలతగా తీసుకున్నారు. ముంపులో ఎవరు ఎంత బాధపడ్డారో చెప్పటానికి పట్టా కంటే ఇది నిజాయితీ గల కొలత. పేర్లు రాలేదన్న ఫిర్యాదులు వచ్చాయి, మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. జాబితాను వార్డు సచివాలయం గోడ మీద అతికించటం వల్లే ఎవరి పేరు లేదో తెలిసింది, అడిగే వీలు కలిగింది.

సునామీ వచ్చి ఏడాది తిరగకముందే పార్లమెంటు ఆమోదం పొందిన విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 61వ సెక్షన్ ఉంది. సాయంలో, పరిహారంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం ఆధారంగా వివక్ష ఉండకూడదని అది స్పష్టంగా చెబుతుంది. నాగపట్నం శిబిరాల వార్తలు పచ్చిగా ఉన్న రోజుల్లో వచ్చిన చట్టమిది. కానీ ఆ సెక్షన్‌ను మీరితే ఇదీ శిక్ష అని విడిగా రాయలేదు. మీరారా లేదా అని తేల్చటానికి కావలసిన లెక్క కూడా మామూలుగా బయటికి రాదు. వరద తర్వాత ప్రభుత్వ ప్రకటనలో ఎన్ని కుటుంబాలు, ఎన్ని కోట్లు అన్నది ఉంటుంది. అందులో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలెన్ని, అద్దెకున్నవాళ్లెందరు, కార్డు లేనివాళ్లెందరు, దరఖాస్తు పెట్టిన ఎన్నో రోజున డబ్బు చేరింది అన్నది సాధారణంగా ఉండదు. 2019 జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళిక సామాజిక వర్గాల గురించి ఒక అధ్యాయమే చేర్చింది. ఆ అధ్యాయం మండల స్థాయి నష్టం లెక్క ఫారంలో ఒక గడిగా మారితే చాలు, సగం వాదన అక్కడే తేలిపోతుంది.

ఆ ఫారాన్ని అంబత్తూరుకు తగ్గట్టు మార్చటం కష్టమైన పనేమీ కాదు. ఇంటి యజమాని పేరు కాక ఆ రాత్రి ఆ గదిలో పడుకున్నవాళ్ల పేర్లు రాసుకోవాలి, కార్డు బదులు పనిచేసే చోటి యజమాని ధ్రువీకరణో, పక్కింటి సాక్ష్యమో ఒప్పుకోవాలి. జాబితాను తమిళంతోపాటు తెలుగులో, హిందీలో, ఒడియాలో రేషన్ దుకాణం ముందు అతికించాలి. పారిశుద్ధ్య కార్మికులను వేరే ఊరి నుంచి రప్పిస్తే బూట్లు, చేతి తొడుగులు, ధనుర్వాతం ఇంజెక్షను బస్సు ఎక్కేముందే ఇవ్వాలి, వరద కూలిని పని ముగిసిన రోజే చేతికివ్వాలి. ఈశాన్య రుతుపవనాలు ఏటా అక్టోబరులో వస్తాయి కాబట్టి, ఇవన్నీ సెప్టెంబరు లోపల చేసిపెట్టుకోదగ్గ పనులు.